పెట్రోల్ సెడానా, ఏడు సీట్ల ఎలక్ట్రిక్ బండా? అనంతపురం వాళ్లు చెప్పండి

టవర్‌క్లాక్_సెంటర్

అందరికీ నమస్కారం. పాత హ్యాచ్‌బ్యాక్ అమ్మేసి కొత్త బండి తీసుకోవాలి. ఇంట్లో ఆరుగురం: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మ, నాన్న. నాది మందుల కంపెనీ ఉద్యోగం, వారమంతా తిరుగుడే. ధర్మవరం, తాడిపత్రి, కదిరి, హిందూపురం. నెలకు రెండు వేల కిలోమీటర్లు అవుతుంది. తమ్ముడు బెంగళూరులో ఉన్నాడు, అప్పుడప్పుడు అక్కడికీ పోవాలి.

నా మనసు సెడాన్ (వెనక డిక్కీ వేరుగా ఉండే కారు) మీద ఉంది. హోండా సిటీ, వెర్నా, వర్టస్ మూడూ చూశాను. ఇంట్లోవాళ్లేమో ఆరుగురం ఒకే బండిలో పట్టాలంటున్నారు, ఎలాగూ కొంటున్నప్పుడు ఎలక్ట్రిక్ ఎందుకు తీసుకోకూడదు అంటున్నారు. కియా వాళ్ల ఏడు సీట్ల ఎలక్ట్రిక్ బండి కారెన్స్ క్లావిస్ ఈవీ చూడటానికి వెళ్లి రేటు విని తిరిగొచ్చేశాను. వాడుతున్నవాళ్లుంటే చెప్పండి. మన ఎండకూ, మన రోడ్లకూ, నా తిరుగుడుకూ ఏది కుదురుతుంది?

గుత్తికోట

అన్నా, కళ్లు మూసుకుని సెడాన్ తీసుకో. నాది సిటీ. నలభై లీటర్ల ట్యాంకు నింపితే హైవే మీద ఆరు వందల కిలోమీటర్లు తిరిగి చూడను. డిక్కీ ఐదు వందల లీటర్ల పైనే, పెళ్లికి పోయినా సామాను ఒళ్లో పెట్టుకోవాల్సిన పని లేదు. బెంగళూరు పోయొచ్చేటప్పుడు బాగేపల్లి దగ్గర కర్ణాటక బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టిస్తా. మన దగ్గర లీటరు 110కి అటూ ఇటూ, అక్కడ ఆరేడు రూపాయలు తక్కువ. ఏ ఊళ్లో ఆగినా మెకానిక్ దొరుకుతాడు.

ఈవీ గుత్తికీ డోన్‌కీ మధ్య ఆగిపోతే ఏం చేస్తావు? లారీ మీద ఎక్కించుకుని రావాల్సిందే.

ఉగ్గాని_బజ్జి

పెట్రోల్ బండి ఆగిపోయినా లారీ మీదే కదప్పా వచ్చేది. ఇప్పటి సెడాన్లలో రోడ్డు పక్కన విప్పి బాగుచేసేది ఏముంది?

టవర్‌క్లాక్ అన్నా, ఆరుగురన్నావు. సెడాన్‌లో ఐదుగురికే సీట్లు. ఆరో మనిషిని ఒళ్లో కూర్చోబెట్టుకుని నేషనల్ హైవే మీద పోవడం వద్దు. అది తేలాక మిగతా మాట్లాడుకుందాం.

గుత్తికోట

ఆరుగురూ కలిసి ఏడాదికి ఎన్నిసార్లు పోతారు? ఆ నాలుగు ప్రయాణాలకు ట్యాక్సీ పెట్టుకుంటే సరిపోతుంది. మిగతా రోజులన్నీ ఆయనొక్కడే తిరిగేది.

బళ్లారి_చౌరస్తా

గుత్తికోట అన్న మాటలో న్యాయముంది. కానీ ఒక్కడే తిరిగే రెండు వేల కిలోమీటర్లకే కదా ఖర్చంతా? లెక్క వేసి చూద్దాం, నాకు అదే పని.

సెడాన్‌కు మన తిరుగుడులో, ఊళ్లోదీ హైవేదీ కలిపి, ఏసీతో లీటరుకు 15 వేసుకోండి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి కంపెనీ కాగితాల మీది మైలేజీని నమ్ముకోవద్దు. 2,000 కిలోమీటర్లకు 133 లీటర్లు, నెలకు 14,600 రూపాయలు.

ఈవీకి చార్జర్‌లో వృథా అయ్యేదాన్ని కూడా కలిపి యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు వేశాను. 308 యూనిట్లు. ఇంటి కరెంటులో పై స్లాబు 9.75. అన్ని యూనిట్లకూ ఆ రేటే కట్టినా మూడు వేలు. అదే బయట ఫాస్ట్ చార్జర్ల దగ్గరైతే జీఎస్టీతో కలిపి యూనిట్ ఇరవై దాటుతుంది. 22 వేసుకుంటే 6,800.

ఇంట్లో చార్జింగ్ అయితే నెలకు పదకొండున్నర వేలు మిగులు. బయటే అయితే ఎనిమిది వేల లోపు.

ఇక బండి ధర. క్లావిస్ ఈవీ 2025 జులైలో వచ్చినప్పుడు 42 యూనిట్ల బ్యాటరీది 17.99 లక్షలతో మొదలైంది, 51.4 యూనిట్లది 22.49తో. సెడాన్ మధ్య రకం 13, 14 లక్షలు. అన్నీ ఎక్స్ షోరూం. ఈవీకి జీఎస్టీ ఐదు శాతమే, నాలుగు మీటర్లు దాటిన సెడాన్‌కు 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అంత తేడా పన్నులో ఉన్నా ఈవీ ధర పైనే ఉందంటే, ఆ పైన ఉన్నదంతా బ్యాటరీ అనుకోండి.

చిన్న బ్యాటరీది తీసుకుని ఇంట్లో చార్జింగ్ చేస్తే మూడేళ్లలో తేడా రాబట్టుకోవచ్చు. పెద్దది తీసుకుని బయట చార్జింగ్ చేస్తే తొమ్మిదేళ్లు. అప్పటికి బండి మీద మోజు కూడా ఉండదు.

పెన్నా_తీరం

ఇన్సూరెన్స్ మర్చిపోయారు. ఈవీకి థర్డ్ పార్టీ ప్రీమియం తక్కువని అందరూ అనుకుంటారు. 15 శాతం రాయితీ ఉన్న మాట నిజమే, కానీ ప్రీమియం వేసేది మోటారు కిలోవాట్లను బట్టి. 2022 రేట్ల ప్రకారం 65 కిలోవాట్లు దాటిన ఎలక్ట్రిక్ కారుకు ఏడాదికి 6,712. వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ పెట్రోల్ కారుకు 3,416. క్లావిస్ చిన్న మోటారే 99 కిలోవాట్లు. ఎక్కువ పడేది ఈవీకే. పెద్ద మొత్తం కాదనుకో, తెలిసుండాలని.

బళ్లారి_చౌరస్తా

ఇది నాకు కొత్త సంగతి. లెక్కలో కలుపుతాను. ఆయిల్ మార్పులూ, ఫిల్టర్లూ లేకపోవడంతో అది సరిపోతుంది.

పెనుకొండ_రోడ్డు

క్లావిస్ మా ఊరి పక్క కియా ఫ్యాక్టరీలోనే తయారవుతుంది కదా అని మాత్రం కొనొద్దు :) మా బంధువులు సగంమంది అలాగే కొన్నారు.

ఉగ్గాని_బజ్జి

మా ఊరి పక్కన అంటారేంటి, మన జిల్లా అనండి. ఓహో, 2022 ఏప్రిల్ నుంచి మీరు సత్యసాయి జిల్లా కదా. బండి మీ జిల్లాది, పేరు మా అనంతపురానిదన్నమాట.

గువ్వలచెరువు_కోవా

కడప నుంచి. నేను ఈవీ నడుపుతున్నాను, ఎంజీ విండ్సర్. టీచర్ని, రోజూ రాయచోటి వైపు పోయి రావాలి. మోడల్ గురించి వాదించను. అందరూ భయపెట్టే రెండు విషయాల గురించి చెబుతాను.

ఒకటి ఎండ. మే నెలలో కడప ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఏసీ లాగే కరెంటు గంటకు ఒకటి, ఒకటిన్నర యూనిట్. ఎండలో నిలిపిన బండి మొదట చల్లబడేటప్పుడు ఎక్కువ లాగుతుంది, తర్వాత తగ్గుతుంది. నేను బడి వదలడానికి ముందే ఫోన్లో ఏసీ ఆన్ చేస్తాను, బండి దగ్గరికి వెళ్లేసరికి స్టీరింగ్ పట్టుకునేలా ఉంటుంది. ఎండ వల్ల ఇబ్బంది పడ్డది ఫాస్ట్ చార్జింగ్‌లోనే. మధ్యాహ్నం రెండింటికి హైవే మీద వంద కిలోమీటర్లు ఏకబిగిన తోలి, వెంటనే చార్జింగ్ పెడితే బ్యాటరీ వేడి తగ్గించుకోవడానికి బండే కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది. పొద్దున గానీ సాయంత్రం గానీ పెడితే ఆ బాధ లేదు.

రెండోది ఘాట్. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు శాతం దిగడం చూసి మొదట్లో టెన్షన్ పడేదాన్ని. తిరుగు ప్రయాణంలో దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకుండానే బండి తనను తాను ఆపుకుంటూ వస్తుంది, ఎక్కేటప్పుడు తీసుకున్నదాంట్లో సగానికి పైగా తిరిగి ఇస్తుంది. పైన ఆగి పాలకోవా కొనుక్కోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇంతకూ తమ్ముడూ, ఒకటి అడగాలి. బండి రాత్రి ఎక్కడ పెడతావు?

టవర్‌క్లాక్_సెంటర్

అక్కా, అద్దె ఇల్లు. మేము పై అంతస్తులో ఉంటాం, ఓనర్ కింద. బండి కాంపౌండ్ లోపలే, మెట్ల కింద. మాకు వేరే మీటరు ఉంది కానీ అది ఓనర్ పేరు మీదే.

గువ్వలచెరువు_కోవా

అయితే ఇప్పటిదాకా రాసినదంతా పక్కన పెట్టు. నీ ప్రశ్న సెడానా, ఈవీనా అని కాదు. మెట్ల కింద ప్లగ్ పెట్టడానికి ఓనర్ ఒప్పుకుంటాడా లేదా, అంతే. ఒప్పుకోకపోతే సిటీ కొనుక్కో, హాయిగా ఉంటావు. రోజంతా తిరిగొచ్చి మళ్లీ చార్జింగ్ స్టేషన్‌కు పోయి కూర్చోవడం ఉద్యోగం చేసుకునేవాళ్ల వల్ల కాదు. నేను ఇల్లు మారినప్పుడు మధ్యలో కొన్నాళ్లు చేసి చూశాను. లెక్క బాగానే ఉంటుంది, ప్రాణం విసుగెత్తుతుంది.

గుత్తికోట

అక్క నా మాటే చెప్పింది. సిటీ!

మీటర్_మామ

నేను కరెంటు పనిలో రిటైరయ్యాను. ఆ బాబు మీటరు గురించి రాసినందుకు నాలుగు మాటలు.

గోడకు పెట్టే ఏడు కిలోవాట్ల చార్జర్ కావాలంటే లోడు పెంచుకోవాలి, దానికి ఓనర్ సంతకం కావాలి, డబ్బు కట్టాలి. అద్దె ఇంట్లో అంత దూరం పోనక్కర్లేదు. బండితో వచ్చే చిన్న చార్జర్ చాలు, 16 యాంపుల ప్లగ్ మీద గంటకు మూడు యూనిట్లు ఎక్కిస్తుంది. రోజుకు ఎనభై కిలోమీటర్లు తిరిగితే పన్నెండు, పదమూడు యూనిట్లు. రాత్రి పదకొండుకు పెడితే తెల్లవారేసరికి అయిపోతుంది. సాయంత్రం ఏడు నుంచి పది దాకా పెట్టొద్దు, ఆ టైములో చాలా వీధుల్లో వోల్టేజీ పడిపోతుంది.

కానీ పాత గీజర్ ప్లగ్ నుంచి వైరు లాగి పెట్టేశారంటే నేను ఒప్పుకోను. గీజర్ పావుగంటలో ఆగిపోతుంది, ఇది ఆరు గంటలు ఒకే బిగిన లాగుతుంది. మీటరు దగ్గర నుంచి నేరుగా నాలుగు ఎంఎం రాగి వైరు, దానికి వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్), వేరే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది). ప్లగ్ మంచి కంపెనీది. నెలకోసారి చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేయండి.

అన్నిటికన్నా ముందు ఎర్తింగ్. మన అనంతపురంలో వాన తక్కువ, నేల ఎండిపోయి ఉంటుంది. ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్త్ పిట్‌లో (ఎర్త్ తీగ దింపే గొయ్యిలో) బొగ్గుతో పాటు వేసిన ఉప్పు ఎప్పుడో కరిగిపోయి, దాని మీద బండలు పరిచేసి ఉంటారు. ఫ్యానూ టీవీ పనిచేస్తాయి కాబట్టి ఎవరికీ తెలియదు. ఈవీ చార్జర్ మాత్రం ఎర్త్ సరిగా లేకపోతే ఎర్ర లైటు వేసి మొండికేస్తుంది. జనం బండి చెడిపోయిందని షోరూంకు ఫోన్ చేస్తారు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూడమనండి. రెండు మూడు వోల్టుల లోపు ఉంటే పరవాలేదు. పది, పదిహేను చూపిస్తే కొత్త పిట్ తవ్వించాలి. వేసవిలో వారానికోసారి అందులో బిందెడు నీళ్లు పోయాలి.

టవర్‌క్లాక్_సెంటర్

సార్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. షోరూంలో "ప్లగ్ పెడితే చాలు సార్" అన్నారు. ఓనర్‌తో ఆదివారం మాట్లాడతాను.

బళ్లారి_చౌరస్తా

ఓనర్‌కు ఇంకో మాట కూడా చెప్పి చూడండి. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్ల సోలార్‌కు 78,000 సబ్సిడీ ఉంది. మన ఎండకు మూడు కిలోవాట్లు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి, నెలకు 350 పైన. మీ బండి తాగేది దాదాపు అంతే. బండి రాత్రి చార్జ్ చేసినా, పగలు గ్రిడ్‌కు పోయింది నెట్ మీటరులో సర్దుబాటు అవుతుంది. ఓర్వకల్లులో వెయ్యి మెగావాట్ల పార్కు పెట్టింది మన ఎండను చూసే కదా, ఇంటి మీద మూడు కిలోవాట్లు పెట్టుకోవడానికి ఏం తక్కువ?

మీటర్_మామ

మూడు కిలోవాట్లే కదా అంటే ఓనర్ ఒప్పుకోడు. పెద్దవాళ్లు డాబా మీద వడియాలు ఎండబెట్టుకోవాలి.

కొండారెడ్డి_బురుజు

కర్నూలు నుంచి. బెంగళూరు ప్రయాణం గురించి ఎవరూ లెక్క వేయలేదు, వేస్తాను. నేను అటు హైదరాబాదు, ఇటు బెంగళూరు రెండు వైపులా ఈవీలో పోతుంటాను.

అనంతపురం నుంచి బెంగళూరు 210 కిలోమీటర్లు. అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్లు, బెంగళూరు 920. రోడ్డు మీద తెలియదు కానీ పెనుకొండ దాటాక పోయే కొద్దీ ఎక్కుతూనే ఉంటాం. ఆరుగురితో రెండు టన్నుల బండిని 585 మీటర్లు పైకి ఎత్తడానికే మూడు యూనిట్ల పైన కావాలి. దానికి తోడు వందలో పోతే యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు. 35, పైన మూడు, మొత్తం 38 యూనిట్లు.

42 బ్యాటరీలో 38 ఖర్చయితే హెబ్బాళ ఫ్లైఓవర్ ట్రాఫిక్‌లో కడుపులో తిప్పుతుంది. కాబట్టి మధ్యలో ఆగాలి, బాగేపల్లో చిక్కబళ్లాపురమో, ఇరవై నిమిషాలు. 51 బ్యాటరీ అయితే ఆగకుండా పోవచ్చు. వచ్చేటప్పుడు దిగుడు కాబట్టి చిన్న బ్యాటరీకి కూడా ఊపిరి ఉంటుంది.

110, 120లో తోలే అలవాటుంటే ఈ లెక్క చెల్లదు. గాలి ఒత్తిడి వేగం కంటే వేగంగా పెరుగుతుంది, యూనిట్‌కు ఐదుకు పడిపోతుంది. గుత్తికోట తోలినట్టు తోలితే సోమందేపల్లి దగ్గరే చార్జర్ వెతుక్కోవాలి.

పండగల సంగతి కూడా చెప్పాలి. సంక్రాంతికి ముందు రోజు హైవే మీద ఒక బంకులో రెండు చార్జింగ్ గన్నులుంటే ఒకటి పనిచేయలేదు, రెండోదానికి నా ముందు మూడు బండ్లు. యాప్‌లో మాత్రం రెండూ పచ్చగా చూపిస్తోంది. అక్కడి కుర్రాడు "నిన్నటి నుంచి ఇంతే సార్" అన్నాడు. పిల్లలతో ఎండలో గంటన్నర. అప్పటి నుంచి పండగ రోజుల్లో మొదటి చార్జర్‌ను నమ్ముకుని పోను, దాని తర్వాతిదాకా పోయేంత ఉంచుకుంటాను.

గుత్తికోట

నా తోలుడు గురించి ఎవడు చెప్పాడు నీకు :) గంటన్నరలో నేను గుత్తి నుంచి పెనుకొండలో ఉంటా.

ఉగ్గాని_బజ్జి

కొండారెడ్డి అన్నా, బాగా చెప్పావు. నాకొకటి తడుతోంది. ఆ 51 బ్యాటరీ కోసం నాలుగున్నర లక్షలు ఎక్కువ. ఎప్పుడో పోయే బెంగళూరు దారిలో ఇరవై నిమిషాలు ఆగకుండా ఉండటానికి అంత డబ్బా? ఆ ఇరవై నిమిషాలు ఎలాగూ టిఫినుకు ఆగుతాం. మిగతా రోజులన్నీ ఆ పెద్ద బ్యాటరీ ఊరికే మోయడమే.

కొండారెడ్డి_బురుజు

హిందూపురం పోయిరావడం? 220 కిలోమీటర్లు.

ఉగ్గాని_బజ్జి

తొంభైలో పోతే యూనిట్‌కు ఏడు వస్తుంది. ఎక్కిందీ దిగిందీ చెల్లుకు చెల్లు. 32 యూనిట్లు. ఇంటికొచ్చేసరికి పది మిగులుతాయి. ఆయన ఆ రోజు అక్కడ డాక్టర్ల కోసం గంటల తరబడి కూర్చుంటాడు, కావాలంటే ఎక్కడో ఒకచోట పెట్టుకోవచ్చు.

నల్లమల_దారి

హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజనూ, బ్యాటరీ మోటారూ రెండూ ఉండేది) గురించి ఎవరూ అనలేదేం? సిటీలోనే ఉంది.

బళ్లారి_చౌరస్తా

ఇరవై లక్షల దగ్గర, ఐదు సీట్లే, బ్యాటరీ వల్ల డిక్కీ బాగా తగ్గిపోతుంది. ఈయనకు ఏ వైపు నుంచీ కుదరదు.

పెద్దాయన_1961

బాబూ, ఇండియాలో ఇలా పొడుగ్గా వెనక్కు సాగిన బండ్లు ఇదివరకూ వచ్చాయి. టాటా ఎస్టేట్, బలెనో ఆల్టురా, ఇండిగో మెరీనా. ఒక్కటీ నిలబడలేదు. అప్పట్లో డిక్కీ బయటికి పొడుచుకొచ్చి ఉంటేనే కారు. నా దగ్గర మెరీనా ఉండేది, చెనక్కాయల మూటలు వేసుకుని కళ్యాణదుర్గం నుంచి వచ్చేవాణ్ని. ఇప్పుడు మళ్లీ అదే కావాలంటున్నారు. సంతోషం.

మీ అమ్మానాన్నల వయసు రాయలేదు నువ్వు. నాకు మోకాళ్ల నొప్పులు. మా అబ్బాయి సెడాన్‌లో కూర్చోవాలంటే ముందు తల వంచాలి, తర్వాత ఒళ్లు కిందికి జారవిడవాలి, చివరికి కాళ్లు చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవాలి. దిగేటప్పుడు డోరు పట్టుకుని లేవాలి, డోరేమో కదులుతుంది. సీటు నడుము ఎత్తులో ఉండే బండిలో పక్కకు తిరిగి కూర్చుంటే చాలు. షోరూంకు పెద్దవాళ్లను తీసుకుపో.

టవర్‌క్లాక్_సెంటర్

ఆదివారం రెండు పనులూ అయ్యాయి, వరసగా చెబుతాను.

ముందు షోరూంలకు నలుగురం పోయాం. అమ్మ వెర్నాలో కూర్చుని "బాగానే ఉందిరా" అంది. దిగేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించి లేచింది, మళ్లీ బాగానే ఉందంది. క్లావిస్‌లో తనే ఎక్కి తనే దిగింది. మూడో వరసలో నాన్నను కూర్చోబెడదామనుకుంటే ఆ సందులోంచి పోవడం ఆయన వల్ల కాలేదు. అక్కడ పిల్లలే. మూడు వరసలూ వేస్తే వెనక రెండు బ్యాగులకు మించి పట్టవు, ఇది సేల్స్‌వాళ్లు చెప్పలేదు, మా ఆవిడ అడిగి తెరిపించింది.

సాయంత్రం ఓనర్ దగ్గరికి. "ఇంటికి నిప్పంటుకుంటే ఎవరిది పూచీ?" అనడిగాడు. మీటర్_మామ సార్ రాసినదంతా ఫోన్లో చదివి వినిపించాను. ఆర్‌సీసీబీ అన్న మాట విని కొంచెం మెత్తబడ్డాడు. ఎర్త్ పిట్ ఎక్కడుందో ఆయనకే తెలియదు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య పద్దెనిమిది వోల్టులు. కొత్త పిట్, వైరింగ్ ఖర్చు నాది, ఇల్లు ఖాళీ చేసినప్పుడు అవి ఆయనకే. బదులుగా మూడేళ్లు ఖాళీ చేయమననని అగ్రిమెంటులో రాస్తానన్నాడు. సోలార్ మాట ఎత్తగానే "డాబా జోలికి రావద్దు" అన్నాడు. సార్, వడియాల సంగతి మీకెలా తెలుసు?

42 బ్యాటరీది బుక్ చేశాను.

గుత్తికోట

అనవసరంగా తొందరపడ్డావన్నా. మూడేళ్ల తర్వాత ఆ ఓనర్ పొమ్మంటే? కొత్త ఇంట్లో ప్లగ్ లేకపోతే? అమ్మబోతే పాత ఈవీకి సగం రేటు కూడా చెప్పరు.

గువ్వలచెరువు_కోవా

మొదటి మాట నిజమే. తమ్ముడూ, ఇకమీద ఇల్లు చూసేటప్పుడు నీళ్ల తర్వాత అడగాల్సింది పార్కింగ్‌లో ప్లగ్ గురించే. అమ్మడం గురించి: బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది, నీ తిరుగుడుకు కిలోమీటర్లు ఆరేడేళ్లలో అయిపోతాయి. అమ్మేట్టయితే వారంటీ ఉండగానే అమ్ము.

మీటర్_మామ

అగ్రిమెంటులో ఒక వాక్యం కలిపించుకో బాబూ: ఆ ప్లగ్‌కు వైరు మీ మీటరు నుంచే వెళ్తుందని. ఓనర్ మీటరుకు కలిపితే నెల తిరగ్గానే గొడవ మొదలవుతుంది. పిట్ తవ్వేటప్పుడు మెట్లకు రెండు మీటర్లన్నా దూరం ఉంచమను, బోరు పైపు ఎటు పోయిందో ముందే అడుగు.

టవర్‌క్లాక్_సెంటర్

అలాగే సార్. బోరు పైపు సరిగ్గా మేము గుర్తు పెట్టిన చోటే ఉందట. రేపు ఇంకోచోట చూస్తాం.